వంగితే డిస్క్ జారిపోతుందని భయపడే అమ్మగారిని మళ్ళీ ఎలా కదిలించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 68 ఏళ్ళు. ఎనిమిది నెలల కిందట వాటర్ క్యాన్ ఎత్తబోతే నడుం కలుక్కుమంది. ఎంఆర్ఐలో ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుం నాలుగో, ఐదో పూసల మధ్య, డిస్క్ ఉబ్బిందని వచ్చింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నొప్పి సగానికి పైగా తగ్గింది. కానీ ఆవిడ వంగడం మానేశారు, కింద కూర్చోవడం లేదు, బెల్టు విప్పడం లేదు. విశాఖ ఎంవీపీ కాలనీలోనే ఉంటూ రైతు బజారుకి కూడా వెళ్ళడం లేదు. ఆవిడ భయం నిజమేనా, కాకపోతే ఎలా నచ్చజెప్పాలి?

జవాబు ముందే చెప్పేస్తాను. కింద రాసిన ప్రమాద సూచనలు ఏవీ లేకపోతే కదలడం వల్ల ఆవిడ నడుం పాడవదు. ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్నది కదలకపోవడం. అయితే నచ్చజెప్పడం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, ఈ భయం మాటలకి లొంగదు. వంగాక ఏమీ కాలేదని ఆవిడ ఒంటికే తెలియాలి, అదీ చిన్న మోతాదులో, చాలాసార్లు. ఇంకొక సంగతి: పెద్దవయసులో కదలికంటే ఉండే భయమంతా అపోహ కాదు. "పడిపోతానేమో, పడితే లేవలేనేమో" అన్నదాంట్లో నిజం ఉంటుంది. పోగొట్టాల్సిన భయమేదో, గౌరవించాల్సిన భయమేదో ముందు విడదీయాలి. చాలా ఇళ్ళలో ఈ పని జరగదు. పిల్లలు "నీకేం కాలేదమ్మా" అంటారు, ఆవిడకి మాత్రం "నా బాధ వీళ్ళకి పట్టలేదు" అని వినిపిస్తుంది.

ముందు ఇవి లేవని తేల్చుకోండి

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య కూర్చునే చోట తిమ్మిరి, రెండు కాళ్ళూ ఒక్కసారిగా బలహీనపడటం: వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే బయలుదేరాలి, న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కావచ్చు, మీకు దగ్గరలోది కావచ్చు. తెల్లారాక చూద్దామనుకోకూడదు. నడుస్తుంటే ఒక పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే అది కూడా వెంటనే చూపించాల్సిందే.

సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గిపోవడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నుపూస టీబీ గురించి ఆలోచించాలి, మన దేశంలో అది అరుదు కాదు. అంతకుముందు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకి కొత్తగా నడుం నొప్పి మొదలైనా ఆలస్యం చేయకూడదు. చిన్నగా జారిపడ్డాకో, గట్టిగా దగ్గాకో పోటులా మొదలైన నొప్పి, కొన్నేళ్ళలో ఎత్తు తగ్గడం, వీపు గూనెక్కడం, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉండటం: ఇవి గుల్లబారిన వెన్నుపూస నొక్కుకుపోయిందేమోనని అనుమానించాల్సిన గుర్తులు. ఆ పరిస్థితిలో కింద రాసిన ముందుకు వంగే సాధన చేయించకూడదు. వారికి వీపుని వెనక్కి నిటారు చేసే వ్యాయామాలు మేలు, బరువుతో ముందుకు వంగడం చేటు.

రిపోర్టులో ఉన్నది, ఆవిడ చదువుకున్నది

"డిస్క్ జారింది" అన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ చాలా హాని చేసింది. డిస్క్ సబ్బు ముక్కలా జారేది కాదు, పైపూసకీ కిందపూసకీ గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఉబ్బుతుంది, కొన్నిసార్లు అంచు చీలి లోపలి పదార్థం బయటికి వస్తుంది. అలా వచ్చినదాన్ని కూడా శరీరం చాలామందిలో నెలల మీద తనంతట తానే కరిగించుకుంటుంది.

నడుం నొప్పి ఏమాత్రం లేని 3 వేల మందికి పైగా స్కాన్ ఫలితాలని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. 60 ఏళ్ళ వాళ్ళలో 69 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది, 70 ఏళ్ళ వాళ్ళలో 77 శాతం మందికి. అరుగుదల సంగతి చెప్పనే అక్కర్లేదు, 80 ఏళ్ళకి 96 శాతం. ఎవరికీ నొప్పి లేదు. అమ్మగారికి ఈ అంకెలు చెప్పండి గానీ ఒక్కసారే చెప్పండి. జుట్టు నెరవడంతో పోల్చి చెబితే పెద్దవాళ్ళు సులువుగా అందుకుంటారు. ఇంట్లో ఇకమీదట "జారింది", "గ్యాప్ వచ్చింది", "నరం నొక్కుకుంది" అన్న మాటలు వాడకండి. "నడుం బిగుసుకుంది, బలం తగ్గింది" అనండి. బిగుసుకున్నది వదులవుతుంది, తగ్గిన బలం వస్తుంది.

ఆ బిగువు మామూలు బిగువు కాదు. భయపడే మనిషి వంగేముందు ఊపిరి బిగబడతారు, పొట్ట కండరాలూ వీపు కండరాలూ ఒకేసారి బిగుస్తాయి, నడుం చెక్కలా అయిపోతుంది. ఆవిడని ఒక పిడికిలి గట్టిగా బిగించి రెండు నిమిషాలు ఉంచమనండి. తెరిచేటప్పుడు వేళ్ళు పట్టేసినట్టు ఉంటాయి, నొప్పి కూడా పెడతాయి, కానీ చేతిలో ఏదీ పాడవలేదు. ఎనిమిది నెలలుగా నడుం అలా బిగించి ఉంచితే సాయంత్రానికి నొప్పి రాక మానదు. ఆ నొప్పిని ఆవిడ "చూశావా, డిస్క్" అనుకుంటారు, ఇంకా బిగిస్తారు.

కదలికంటే ఉండే ఈ భయాన్ని కైనీసియోఫోబియా అంటారు, 1990 నుంచి వాడుకలో ఉన్న పేరు. కొలవడానికి టాంపా స్కేలు అని 17 ప్రశ్నల పట్టిక ఉంది, 17 నుంచి 68 దాకా మార్కులు, 37 దాటితే భయం ఎక్కువని లెక్క. పెద్దవాళ్ళ విషయంలో నేను దానికి అంత విలువివ్వను. పడిపోతాననే భయమూ, నడుం పాడవుతుందనే భయమూ ఆ మార్కుల్లో కలిసిపోతాయి.

కదలకపోతే పోయేదేమిటో కూడా తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన పరిశోధన (2007)లో కాళ్ళ కండ దాదాపు కిలో తగ్గింది. పది రోజులకే! అమ్మగారు పూర్తిగా మంచాన లేరు, నిజమే. కానీ వంగకుండా, కింద కూర్చోకుండా, బయటికి వెళ్ళకుండా ఎనిమిది నెలలంటే తొడల బలం బాగా పోయి ఉంటుంది.

ఒక్క ప్రశ్న అడిగి, పూర్తిగా వినండి

"అమ్మా, వంగితే లోపల ఏమవుతుందని నీకు అనిపిస్తోంది?" అని అడగండి. మధ్యలో సరిదిద్దకండి. నాకు ఎక్కువగా వినిపించే జవాబులు నాలుగు. "డిస్క్ బయటికి వచ్చేస్తుంది." "నరం తెగి కాళ్ళు పడిపోతాయి." "ఇంట్లో ఎవరూ లేనప్పుడు పడిపోతే ఎలా?" "మంచాన పడి మీకు భారమైపోతాను." మొదటి రెండూ పోగొట్టాల్సిన భయాలు, వాటికి మందు మెట్లు మెట్లుగా వంగించడం. మూడోదానికి కింద నుంచి లేవడం నేర్పాలి. నాలుగోది పైకి చెప్పరు. అది ఉన్నవాళ్ళు పిల్లల ముందు వ్యాయామానికి తలూపి, మీరు ఆఫీసుకి వెళ్ళగానే మంచమెక్కుతారు. వాళ్ళకి వ్యాయామం కన్నా ముందు, ఇంట్లో తన అవసరం ఉన్న పని ఒకటి తిరిగి చేతికివ్వాలి.

వంగడం: మెట్టు వెనక మెట్టు

ఆవిడ మానేసిన పనులన్నీ కాగితం మీద రాయించండి. ఒక్కోదానికీ భయం ఎంతో 0 నుంచి 10 లోపు మార్కు వేయమనండి. మొదలుపెట్టాల్సింది 3, 4 మార్కుల పనితో. పదికి పది ఉన్నదానితో "ధైర్యం చెయ్యి" అంటే ఆ ఒక్కసారితో నమ్మకం పోతుంది.

ప్రతిసారీ చేసేముందు "నొప్పి ఎంత వస్తుందనుకుంటున్నావు?" అని అడిగి అంకె రాయండి. చేశాక అసలు ఎంత వచ్చిందో రాయండి, మర్నాడు పొద్దున్న ఇంకోసారి. గోడ క్యాలెండరు చాలు. "7 అనుకున్నాను, 3 వచ్చింది" అన్నది తన చేత్తో పదిసార్లు రాసుకున్నాక వచ్చే ధైర్యం ఏ డాక్టరు మాటా ఇవ్వలేదు.

మొదటి మెట్టు పరుపు మీద, అదీ ఎముకల సాంద్రత తెలిశాకే. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు చేతులతో గుండె వైపు లాక్కోవాలి, ఊపిరి వదులుతూ, ఒక్కో కాలు 5 సార్లు. మూడు రోజులు పోయాక రెండు మోకాళ్ళూ కలిపి. నడుం గుండ్రంగా వంగిన భంగిమే అది, ఒంటి బరువు నడుం మీద పడకుండా. ఆ సంగతి ఆవిడకి చెప్పండి: "నువ్వు వంగావమ్మా, ఏమీ కాలేదు."

రెండోది కుర్చీలో. 18 అంగుళాల ఎత్తు, చెక్కదో ఇనుపదో, వెనక గోడ ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద కాళ్ళు విచ్చుకుని జారుతుంది. కూర్చుని అరచేతులు మోకాళ్ళ మీద నుంచి పిక్కల మీదుగా చీలమండల వైపు జార్చాలి, ఊపిరి వదులుతూ, తల వేలాడనిస్తూ. 5 సార్లు, రోజుకి రెండు పూటలు. ఇక్కడే ఊపిరి బిగబట్టేది కూడా. పైకి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టమనండి. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు.

మూడోది నిలబడి. వంటగట్టు మీద చేతులు ఆనించి పిరుదులు వెనక్కి నెడుతూ వంగడం, 8 సార్లు. తర్వాత ఖాళీ చెంబు ఒకటి స్టూలు మీద నుంచి తీయడం, అది కుదిరాక పీట మీద నుంచి, ఆ తర్వాత నేల మీద నుంచి. ఒక్కో ఎత్తుకి కనీసం నాలుగైదు రోజులు.

"నడుం నిటారుగా ఉంచి మోకాళ్ళే వంచాలి" అని అందరూ చెబుతారు. తేలికపాటి వస్తువుల విషయంలో ఆ నియమం వదిలేయమంటాను. 68 ఏళ్ళ మోకాళ్ళు అంత వంగవు. పైగా నడుం వంగడమే ప్రమాదమన్న నమ్మకం ఆ నియమంలోనే దాక్కుని ఉంటుంది. పడిన తాళంచెవి తీయడానికి గుండ్రంగా వంగొచ్చు, అందుకే వెన్నుకి అన్ని కీళ్ళు.

బరువుకి బకెట్టు మంచి కొలత: లీటరు నీళ్ళు కిలో. 2 లీటర్లతో మొదలుపెట్టి వారానికి అర లీటరు పెంచండి. బకెట్టు ఒంటికి దగ్గరగా, పాదాల మధ్య ఉండాలి. 6, 7 లీటర్లు భయం లేకుండా ఎత్తగలిగితే ఇంటిపనికి చాలు. 20 లీటర్ల క్యాన్ ఆవిడ జాబితాలో ఉండక్కర్లేదు, దానికి పంపు కొనిపెట్టండి. క్యాన్ ఎత్తకపోవడం గౌరవించాల్సిన జాగ్రత్తే.

సమయం విషయంలో ఒక షరతు. నిద్ర లేచిన గంట వరకూ వంగే సాధన వద్దు. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకుని ఉంటాయి, పొద్దున్న నడుం సహజంగానే బిగువు. తెల్లవారగానే ప్రయత్నించి "ఇది నా వల్ల కాదు" అని మానేసేవాళ్ళు చాలామంది.

కింద కూర్చోవడం, లేవడం

నా లెక్కలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. మన ఇళ్ళలో పూజ, ముగ్గు, కూరగాయలు తరగడం, మనవలతో ఆట అన్నీ నేల మీదే. కింద నుంచి తనంతట తాను లేవగలనని తెలిసిన మనిషికి పడిపోతానన్న భయం సగం తగ్గిపోతుంది.

దిగేటప్పుడు: మంచం పక్కన నేల మీద మడతపెట్టిన దుప్పటి వేయండి. మంచం అంచు పట్టుకుని ఒక మోకాలు దుప్పటి మీద ఆనించాలి, తర్వాత రెండోది, ఆపైన పిరుదులు పక్కకి దించి ఒరిగి కూర్చోవాలి.

లేచేటప్పుడు: ముందు పక్కకి ఒత్తిగిలాలి. రెండు చేతులతో నేలని నొక్కి మోకాళ్ళ మీదికి, చేతుల మీదికి రావాలి. అలాగే పాకుతూ మంచం దాకా. చేతులు మంచం మీద పెట్టి, బలమున్న కాలి పాదం ముందుకి వేసి నేలకి ఆనించాలి. ఇప్పుడు ముక్కు మంచం మీదికి వచ్చేంతగా ముందుకి వాలి, చేతులతో నొక్కుతూ లేచి, తిరిగి మంచం మీద కూర్చోవాలి. చాలామంది తప్పేది చివర్లోనే. నడుం వంగకూడదని ముందుకి వాలరు, నిటారుగా పైకి లేవబోతారు, తొడలు మోయలేవు, వెనక్కి కూలబడతారు. ముందుకి వాలితేనే బరువు పాదం మీదికి వస్తుంది.

మొదటి ఐదారుసార్లు పక్కన మనిషి ఉండాలి. చంకలు పట్టి పైకి లాగకండి, భుజాలు దెబ్బతింటాయి. మంచం దగ్గర నిలబడి మాటతో నడిపించండి. నేల దాకా ఒక్కసారి దిగలేకపోతే 18 అంగుళాల కుర్చీ, 12 అంగుళాల స్టూలు, పీట, ఆ తర్వాతే నేల. మోకాలి మార్పిడి జరిగినవాళ్ళు సర్జన్‌ని అడిగాకే ఈ మెట్టుకి రావాలి. బాసిపట్టు వేసుకోవడం మోకాళ్ళని బట్టి ఉంటుంది, అది రాకపోయినా ఫర్వాలేదు.

ఎంత నొప్పి వస్తే ఆపాలి?

చేస్తున్నప్పుడు పదికి 4 దాకా నొప్పి వచ్చినా కొనసాగించవచ్చు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున్న. రోజూ ఉండేంతే ఉంటే మోతాదు సరిపోయింది. 24 గంటలు దాటినా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఆపితే "నేను చెప్పానా" అన్న భయం గెలుస్తుంది. నొప్పి నడుం నుంచి పిక్కలోకి, పాదంలోకి దిగుతూ పోతుంటే మాత్రం ఆ కదలిక ఆపి ఫిజియోథెరపిస్టుకి చూపించండి.

ఎక్కువమంది దెబ్బతినేది నొప్పి ఉన్న రోజున కాదు, బాగున్న రోజున. సంక్రాంతికి ముందు ఒంట్లో బాగుందని ఇల్లంతా దులిపేస్తారు, తర్వాత వారం మంచం. అందుకే మోతాదు లెక్కని బట్టి, ఎలా అనిపిస్తోందన్నదాన్ని బట్టి కాదు. ఈ రోజు 8 సార్లు అని రాసుకుంటే బాగున్నా 8, బాగాలేకపోయినా కనీసం 4.

బెల్టు, మెషీన్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది, పెద్దవయసు వాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుని. బెల్టులు, ట్రాక్షన్ (నడుంని లాగి ఉంచడం), అల్ట్రాసౌండ్ చికిత్స, టెన్స్ మెషీను (చర్మం మీద నుంచి కొద్దిపాటి కరెంటు ఇచ్చేది) మామూలుగా వాడవద్దన్న జాబితాలో ఉన్నాయి. వ్యాయామం, రోగికి అర్థమయ్యేలా చెప్పడం, మనసుకి సంబంధించిన చికిత్స చేయాల్సిన జాబితాలో ఉన్నాయి. బెల్టు ఒక్కసారిగా లాగేయకండి. మొదట ఇంట్లో కూర్చున్నప్పుడు గంట విప్పాలి, మూడు రోజులకోసారి ఇంకో గంట పెంచాలి. వంటింట్లో పని చేసేటప్పుడు తర్వాత, ఆటోలో వెళ్ళేటప్పుడు అన్నిటికన్నా చివర.

బయటికి

నడక నొప్పిని బట్టి కాదు, నిమిషాలని బట్టి. ఇప్పుడు ఇబ్బంది లేకుండా ఎంతసేపు నడవగలరో మూడు రోజులు చూసి, దానిలో ముప్పాతిక వంతుతో మొదలుపెట్టండి. 8 నిమిషాలైతే 6. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ఎంవీపీ చదునుగా ఉంటుంది కాబట్టి మొదట కాలనీలోనే. సీతమ్మధార వైపు ఎత్తుపల్లాలు ఇప్పుడే వద్దు. బీచ్ రోడ్డుకి తీసుకెళ్తే పొద్దున్నే ఫుట్‌పాత్ మీద నడిపించండి, పొడి ఇసుకలో వద్దు. పాదం కూరుకుపోయి తూలుతారు, తూలితే భయం మొదటికొస్తుంది. విశాఖ ఉక్కపోతకి వేసవిలో ఏడు గంటల్లోపే ముగించడం మేలు.

కాసేపు నడవగానే రెండు కాళ్ళూ బరువెక్కి, కూర్చున్నా ముందుకి వంగినా తేలికపడితే డాక్టరుకి చెప్పండి. అది వెన్నునాళం ఇరుకైన లక్షణం కావచ్చు. అలాంటివాళ్ళు మధ్యమధ్య కూర్చుంటూ నడవాలి, ఒకేచోట ఉండే వ్యాయామ సైకిలు తొక్కడం వాళ్ళకి బాగా పడుతుంది.

రైతు బజారుకి మొదటిసారి ఏమీ కొనకుండా వెళ్ళి రావడమే పని. రెండోసారి పావుకిలో మిరపకాయలు. సంచి ఒక్కటే కాకుండా రెండు చేతులకీ రెండు.

గౌరవించాల్సిన భయానికి చేయాల్సినవి

చేతులు గుండె మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్లు దాటుతోందేమో చూడండి. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడుతోందేమో కూడా. దాటితే పడిపోయే ముప్పు నిజంగానే ఉంది, ఆవిడ అపోహ పడటం లేదు. అప్పుడు వంగే సాధనతో పాటు గట్టు పట్టుకుని ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడటం, కుర్చీలోంచి లేవడం రోజుకి 8 చొప్పున రెండు విడతలు చేయించండి.

మాత్రలు చూడండి. నరాల నొప్పికని రాసే ప్రిగాబాలిన్, గాబాపెంటిన్ పెద్దవాళ్ళకి మత్తు, తూలు తెస్తాయి. బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్ళు తిరగవచ్చు. సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకి చెప్పండి. బాత్‌రూములో గోడకి పట్టుకునే కడ్డీ బిగించండి.

ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. ఆవిడ వంగినప్పుడల్లా వెనక నుంచి "జాగ్రత్త!" అని ఎవరో ఒకరు అంటే, పొద్దున్న చేసిన సాధన ఆ ఒక్క కేకతో పోతుంది. చేతిలో పని లాక్కోకండి. రోజుకి పదిసార్లు "నొప్పెలా ఉంది?" అని అడగకండి, "ఇవాళ ఎన్నిసార్లు చేశావమ్మా?" అని అడగండి.

ఆరు వారాల్లో రెండు మెట్లయినా ఎక్కకపోతే, లేదా నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తే, ఫిజియోథెరపిస్టుతో పాటు మానసిక వైద్యుల సాయం కూడా తీసుకోండి. మీరు రాసినదాంట్లో రెండు వివరాలు లేవు: ఎముకల సాంద్రత పరీక్ష చేయించారా, రాత్రి పూట వేసుకునే మాత్ర ఏమిటి. సాంద్రత తెలిసేదాకా పరుపు మీద, కుర్చీలో ముందుకు వంగే సాధన కూడా మొదలుపెట్టకండి, కుర్చీలోంచి లేవడం, నడక మాత్రం ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఆ రెండూ రాస్తే ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.